నా కణాలు నాకంటే సీనియర్లు

ఈ యోగం అందరికీ పట్టదు. నా ఒంటిని నా ఒళ్ళే కొడుతోంది! ఆటోఇమ్యూన్ జబ్బంటారు. కీళ్ళవాతంలో ఇదొక రకమట. మనిషికి ఇంతకు మించిన వరం ఇంకొకటి లేదని ఇవాళ నిరూపించబోతున్నాను.

ఒంట్లో కాపలా కణాలని కొన్నుంటాయి. బయటి క్రిములను తరిమికొట్టడం వాటి పని. నావి మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌లాంటివి. దారినపోయే ప్రతి జలుబుకూ సలాం కొట్టి గేటు తీస్తాయి. ఇంటి ఓనర్ని మాత్రం "ఎవరయ్యా నువ్వు?" అని కాలర్ పట్టుకుంటాయి.

లాభాలంటారా? పొద్దున్న తొమ్మిదింటిదాకా నా పిడికిలి విడదు. పిడికిలి విడనివాణ్ణి కూరగాయలు కోయమని ఎవరంటారు? బట్టలు పిండమనడానికి ఎవరికి నోరొస్తుంది? మా ఎడిటర్ కూడా "మెల్లగా రాయండి సార్" అంటున్నాడు. పాతికేళ్ళలో ఆయన నోట ఈ మాట వినడం ఇదే మొదలు!

ఇంట్లో మా అక్క ఉంది, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. నా సీసా మూతలు ఆవిడే తీస్తుంది, చొక్కా గుండీలు ఆవిడే పెడుతుంది. నాలుగు గుండీలకు పావుగంట పడుతుందనుకోండి. కాస్త నిదానం మనిషి.

ఇక అసలు గౌరవానికి వద్దాం. కణం రెండుగా చీలినప్పుడల్లా లోపలి క్రోమోజోముల కొసలు కొద్దికొద్దిగా అరుగుతాయని డాక్టరమ్మ చెప్పింది, చెక్కినకొద్దీ పెన్సిల్ పొట్టిదైనట్టు. కణానికి వయసు మీదపడడమంటే అదేనట. ఆ అరుగుదలను నడిపే జన్యువులకూ, నాలాంటి వాళ్ళ జబ్బులకూ చుట్టరికం ఉందేమోనని శాస్త్రజ్ఞులు తవ్వుతున్నారట. కొన్ని జబ్బుల్లో ఉన్నట్టే కనిపిస్తోందట. ఎవరు ఎవరిని చెడగొడుతున్నారో మాత్రం ఇంకా పూర్తిగా తేలలేదట.

తేలేదాకా ఆగడానికి నేనేమైనా శాస్త్రజ్ఞుణ్ణా? నాకు నలభై ఆరు, నా కణాలకు డెబ్బై అని ఆఫీసులో ప్రకటించేశాను. బస్సులో వృద్ధుల సీటు కూడా అడిగాను. అందులో కూర్చున్న పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "అలాగైతే కణాల్ని కూర్చోబెట్టు, నువ్వు నించో" అన్నాడు.

రెండోసారి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు అక్క తోడు వచ్చింది. డాక్టరమ్మ ఏదో ఫారం నింపుతూ, "మీ ఇంట్లో ఇంకెవరికైనా కీళ్ళ నొప్పులున్నాయా?" అని అడిగింది.

"అబ్బే, లేదండీ! మావాళ్ళంతా ఉక్కుపిండాలు. నాకొక్కడికే" అన్నాను, కొంచెం గర్వంగానే.

పక్కన అక్క నా మంచినీళ్ళ సీసా మూత తీస్తోంది. సీసాను రెండు మణికట్ల మధ్య ఇరికించి, పళ్ళతో తిప్పుతోంది. డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి ఆవిడ చేతులకేసి చూసింది.

"ఎప్పట్నుంచమ్మా ఇలా?"

"తొమ్మిదేళ్ళవుతుందండీ. సూది పట్టు చిక్కక కుట్టుపని మానేశాను."

"మరి ఎవరికీ చూపించలేదా?"

"చూపించకేం? వీడికే చూపించా. వయసన్నాడు."

అప్పుడు అక్కకు నలభై ఒకటి. పరీక్ష లేదు, పాడు లేదు, పేపర్లోంచి తల కూడా ఎత్తకుండా తేల్చేశాను. కుట్టుపని మానేసినప్పుడు బద్ధకం అని కూడా అన్నాను. ఆ గదిలో నాకు సిగ్గేసింది. ఇది రాస్తుంటే ఇప్పుడూ వేస్తోంది.

ఇద్దరి రిపోర్టులూ వచ్చాయి. నాది మొదట్లోనే దొరికిందట, మందులు వాడితే అదుపులో ఉంటుందట. అక్కకు వంకరపోయిన వేళ్ళు ఇక తిన్నగా కావట. మిగతా వాటిని కాపాడుకుందామంది డాక్టరమ్మ.

ఇప్పుడు చెప్పండి, నా జబ్బు వరం కాదూ? అది నాకు రాకపోతే అక్క చేతులను ఏ డాక్టరైనా చూసి ఉండేవారా? కాబట్టి పాఠక మహాశయులారా, మీ ఇంట్లో ఆడవాళ్ళెవరైనా వేళ్ళు నొప్పులంటే కంగారుపడి ఆస్పత్రికి తీసుకెళ్ళకండి. మీకూ వచ్చేదాకా ఆగండి!