నిప్పురవ్వగారికి క్షమాపణలు

సర్దుబాటుగారికి ఆ పేరు ఊరికే రాలేదండీ. బస్సులో కాలు తొక్కినవాడికి కూడా "పోనీలే నాయనా, నా కాలే అడ్డొచ్చింది" అని ఈయనే సారీ చెబుతారు. ఒక్క పెళ్లాం దగ్గర మాత్రం తప్పు ఒప్పుకోరు. ఒకసారి ఒప్పుకుంటే పాత బాకీలన్నీ లేస్తాయని భయం.

పాత కంపెనీ మూతపడ్డాక, యాభై దాటిన వయసులో ఓ స్టార్టప్‌లో చేరారు. స్టార్టప్ అంటే టైలరు కొట్టు మీద రెండు గదులు, మీసాలు సరిగ్గా రాని కుర్రాళ్లు, అందరికీ కలిపి ఒక్కటే ఫ్యాను. వంటింట్లో ఏ సరుకు ఎప్పుడు అయిపోతుందో ముందే చెప్పే యాప్ తయారు చేస్తారు. వాడేవాళ్లు ఫిర్యాదు రాస్తే మర్యాదగా జవాబివ్వడం ఈయన ఉద్యోగం.

మొదటిరోజు మోకాళ్లు పట్టుకుని ఇంటికొచ్చారు.

"ఏమైందండీ?"

"మీటింగోయ్. నిలబడే మాట్లాడుకోవాలట. కూర్చుంటే మాటలు ఎక్కువవుతాయని."

"మిమ్మల్ని తలకిందులుగా నిలబెట్టినా తగ్గవని పాపం ఆ పిల్లలకి తెలీదు."

మోకాళ్ల నొప్పి ఒక ఎత్తు, 'నిప్పురవ్వ' ఒక ఎత్తు. యాప్‌లో ఎవరో ఆ మారుపేరు పెట్టుకుని రోజూ వాయించేవారు. "ఉప్పు నిండుగా ఉందంటోంది మీ యాప్. డబ్బా అడుగు కనబడుతోంది నాకు. కళ్లున్నాయా దానికి?" కింద ఒకే ఒక్క నక్షత్రం.

"క్షమించండమ్మా, తప్పు మాదే. మీరు చెప్పబట్టే మేం బాగుపడుతున్నాం," అని ఈయన చేతులు జోడించినంత పనిచేసి రాసేవారు. ఆ పూట ఇంట్లో కూర చప్పగా ఉన్నా నోరెత్తకుండా తినేశారు. బుర్రనిండా నిప్పురవ్వే మరి.

ఒకరోజు చిన్నబాసు, అంటే కొడుకు వయసున్న యజమాని, మీటింగులో మొహం వేలాడేశాడు. "అంకుల్, పెట్టుబడి పెట్టేవాళ్లు వస్తున్నారు. వాళ్లకి నచ్చకపోతే షట్టర్ దించేయడమే. ఇంతకీ ఆంటీ మన యాప్ వాడుతున్నారా?"

సర్దుబాటుగారికి పాత కంపెనీ షట్టర్ గుర్తొచ్చింది. ఇంటికెళ్లి భార్యని బతిమాలారు.

"నా డబ్బాలో ఏముందో నాకు ఫోను చెప్పాలా? మూత తీస్తే కనబడదూ?" అందావిడ.

ఇక లాభం లేదని, ఆవిడ పేరుతో ఆయనే రాసేశారు: "ఈ యాప్ వచ్చాక మా సంసారంలో వెలుగొచ్చింది. మా ఆయన తెలివి ఇప్పుడే తెలిసింది."

చిన్నబాసు కళ్లు చెమర్చాయి. "ఆదివారం మీ ఇంటికొస్తా అంకుల్. ఆంటీ ఈ మాటే కెమెరా ముందు చెబితే మనం గట్టెక్కినట్టే!"

సర్దుబాటుగారు అలవాటుగా సరేనని తలూపేశారు.

ఆదివారం పొద్దున్నే మొదలెట్టారు. "మీ అక్కని చూసి ఎన్నాళ్లయిందోయ్! వెళ్లిరా."

"క్రితంసారి వెళ్తానంటే 'నా తిండి సంగతేంటి' అన్న నోరేనా ఇది?" అంటూనే ఆవిడ బయల్దేరింది. మెట్ల మీదే చిన్నబాసు ఎదురయ్యాడు. ఇద్దరూ కలిసి పైకొచ్చారు.

కెమెరా వెలిగింది. "వెలుగొచ్చిందన్నారు కదా ఆంటీ, ఆ మాట చెప్పండి."

ఆవిడ మొగుడి వంక చూసింది. మొగుడు ఫ్యాను వంక చూశాడు.

"వెలుగా బాబూ? వరండాలో బల్బు మార్చమంటేనే దిక్కులేదు."

"పోనీ, యాప్ గురించి?"

"కొన్నామని నొక్కితే డబ్బా నిండిందనుకుంటుంది మీ యాప్. కొన్న సంచిని బస్సులో వదిలేసి వచ్చే మగాళ్లుంటారని దానికి తెలీదు. చుట్టాలొస్తే నూనె ఒక్కపూటలో సగమవుతుందనీ తెలీదు. కళ్లున్నాయా దానికి?"

చిన్నబాసు కెమెరా దించేశాడు. "ఆంటీ... నిప్పురవ్వ మీరేనా?"

"మరెవరు బాబూ?" అందావిడ.

"అంకుల్, యాప్‌లో బాగుపడిందంతా ఈవిడ తిట్ల వల్లే! పొగడ్తలు చూపిస్తే ఎవడు నమ్ముతాడు? రోజూ తిడుతూ కూడా వదలకుండా ఉన్న మనిషి ఒకరున్నారని చూపిస్తే చాలు," అని ఎగురుకుంటూ వెళ్లిపోయాడు కుర్రాడు.

రోజూ తిడుతూ కూడా వదలకుండా ఉన్న మనిషి చీరకొంగు నడుముకి దోపుకుంటోంది.

"నాకెందుకు చెప్పలేదోయ్?"

"మీరు చేరిన రోజే ఫోన్లో ఆ యాప్ పెట్టుకున్నా. పాత కంపెనీ మూసేశాక గోడకేసి చూస్తూ కూర్చున్నారే, అది మళ్లీ చూడలేనండీ నేను. ఇదైనా నిలబడాలని."

"మరి ఆ తిట్లు?"

"బాగుందని రాస్తే ఓ దణ్ణం బొమ్మ పెట్టి ఊరుకుంటారటగా మీరు. తిడితే 'తప్పు మాదేనమ్మా' అని రాస్తారు. ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట మీ నోట విన్నానా? రోజూ చదువుకుని మురిసిపోయేదాన్ని."

సర్దుబాటుగారు గొంతు సవరించుకున్నారు. "అది... ఆ దొంగ పొగడ్త... నిజానికి..."

"కష్టపడకండి. అలవాటైన చోటే రాయండి," అని ఆవిడ వంటింట్లోకి వెళ్లింది.

ఆయన కళ్లజోడు తుడుచుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశారు: "క్షమించండమ్మా. ఈసారి తప్పు మాది కాదు. నాదే."

వంటింట్లో ఫోను టింగుమంది. గిన్నె పక్కన పెట్టిన చప్పుడైంది. తర్వాత ఈయన ఫోను మోగింది. రెండు నక్షత్రాలు!

"రెండేనా?" అని గుమ్మంలో నిలబడి అడిగారు.

లోపల్నుంచి ఖాళీ సంచి ఎగిరొచ్చి భుజం మీద పడింది. "ఉప్పు తెండి, మూడోది ఇస్తా. సంచితో సహా తెస్తేనే."