కొలవకుండా వచ్చే జవాబు

రసాయనశాస్త్రంలో కొలతంత దండగమారి పని మరొకటి లేదు! ఈ మాట ఊరికే అనడం లేదు. చేలో మందు కొట్టేటప్పుడు డబ్బా మూతతో కొలిచే మనిషిని నేను. జవాబు ముందే తెలిసినప్పుడు మళ్లీ కొలవడమేమిటి, చెప్పండి?

ఇంత చిన్న సంగతి మా మేనకోడలి బుర్రకెక్కలేదు. ప్రాక్టికల్స్ తప్పింది.

లాబ్‌లో ఆ పిల్లను అందరూ చుక్కమ్మ అంటారు. బ్యూరెట్ కుళాయి తిప్పి, కన్ను గీతకి ఎదురుగా పెట్టి, చుక్క తర్వాత చుక్క వదులుతుంది గనక. బ్యూరెట్ అంటే మరేం లేదు, గీతలున్న పొడుగాటి గాజు గొట్టం. అందులో యాసిడ్ పోస్తారు. కింద ఫ్లాస్కులో క్షారం ఉంటుంది. దానిలో రెండు చుక్కల ఫినాఫ్తలీన్ వేస్తే గులాబీ రంగు తిరుగుతుంది. ఆ రంగు విరిగి నీళ్లలా తేటపడేసరికి ఎంత యాసిడ్ పట్టిందో చూసి, యాసిడ్ గాఢత లెక్క కట్టాలి.

చూడాలి అని పుస్తకంలో ఉంది. పుస్తకాలు అలాగే అంటాయి!

ఆ కాలేజీలో ఏటేటా అదే ప్రశ్న. రీడింగు ఇరవై మిల్లీలీటర్లు. జవాబు, అంటే గాఢత, పాయింట్ ఒకటి మోలార్. సీనియర్ల రికార్డు పుస్తకం అట్టలు ఊడిపోయేదాకా చేతులు మారుతోంది. ప్రిన్సిపాళ్లు మారారు, కిటికీలు మారాయి, ఇరవై మారలేదు. ఇంత నిలకడ మనుషుల్లో ఎక్కడైనా చూశారా? కొలవాల్సిన మూడుసార్లూ ఇరవయ్యే రాస్తే అనుమానం వస్తుందని, మధ్యలో ఒకసారి 20.1 వేస్తారు. అదీ సైన్స్ అంటే!

పరీక్ష రోజున ఇంకో పాఠం కూడా జరిగింది. దాని పేరు లిమిటింగ్ రియేజెంట్. ఏ సరుకు ముందు అయిపోతే దానితోనే చర్య ఆగిపోతుందని అర్థం. నలభై మంది పిల్లలు, ఒక పెద్ద సీసా. ముందు అయిపోయేది యాసిడ్. పుస్తకం ప్రకారం పరీక్ష ఆగిపోవాలి. ఆగిందా? లాబ్ అటెండరు సీసా ఎత్తి చూశాడు. సగమే ఉంది. కొత్త సీసా కావాలని స్టోరుకి ఇండెంటు పెట్టి రెండు నెలలైంది. ఆయన గోడవైపు చూశాడు. గోడకి కుళాయి ఉంది. అంతే!

ముప్పై తొమ్మిది మందికి రీడింగు ఇరవయ్యే వచ్చింది. ఇరవై దగ్గర రంగు విరగకపోతే గాభరాపడ్డారా? లేదు. సీసాలోంచే ఫ్లాస్కులోకి ఒక ధార పోసి, ఇరవై అని రాసుకున్నారు.

చుక్కమ్మకి ఇరవై దగ్గర గులాబీ. ముప్పై దగ్గరా గులాబీయే. ఫ్లాస్కు కడిగి మళ్లీ మొదలుపెట్టింది. మూడుసార్లూ నలభై దాటాకే విరిగింది. 40.2.

అటెండరు బల్ల తుడుస్తున్నట్టు పక్కకి వచ్చాడు. "తల్లీ, ఇరవై వేసెయ్యి. గొడవ ఉండదు."

"నలభై వచ్చింది బాబాయ్."

"వస్తుందమ్మా. పొద్దున నేనే..." అని కుళాయివైపు కళ్లు తిప్పాడు. "బయటపడితే నా పని ఊడుతుంది."

ఆ పిల్ల ఆయన వంక చూసింది, బ్యూరెట్ వంక చూసింది. 40.2 అనే రాసింది. గాఢత పాయింట్ సున్నా ఐదు అని తేల్చింది.

పరీక్ష పెట్టిన లెక్చరరు కాగితం చూసి కళ్లజోడు సవరించుకున్నాడు. "జవాబుల కీలో పాయింట్ ఒకటి అని ఉంది. నీకు సగమే ఎందుకొచ్చిందమ్మా?"

"సీసాలో సగమే ఉంది సార్."

"ముప్పై తొమ్మిది మందికి పూర్తిగా ఎలా వచ్చింది మరి?"

"వాళ్లు సీసాని అడగలేదు సార్."

"ఓహో! అయితే నీళ్లెవరు కలిపారో కూడా చెప్పు."

అటెండరు చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"అది బ్యూరెట్ చెప్పదు సార్."

సున్నా వేశారు. న్యాయమే! వచ్చినవాళ్లు నలభై మంది, గట్టెక్కినవాళ్లు ముప్పై తొమ్మిది. దిగుబడి తొంభై ఏడున్నర శాతం. దిగుబడి మాట నాకు తెలుసు. నేను పుట్టి బుద్ధెరిగిన్నాటి నుంచి నా చేను అంత ఇవ్వలేదు. నేనూ గింజలు కొలవకుండా రాసుకుంటే ఇచ్చేదేమో!

ఇంటికొచ్చి ఆ పిల్ల అన్నం సరిగా తినలేదు. మా అక్కయ్య, "ఆ ఇరవై రాస్తే నీ సొమ్మేం పోయేదే!" అని మొత్తుకుంది. వచ్చేసారి కూడా తప్పితే ఏడాది పోయినట్టే.

ఆర్నెల్లకి మళ్లీ పరీక్ష. రాసేది చుక్కమ్మ ఒక్కతే. లాబ్‌లో అదే లెక్చరరు. బల్ల మీద యాసిడ్ సీసా లేదు. ఆయనే సంచిలోంచి ఒక నీళ్ల సీసా తీసి పెట్టాడు. దాని మీద ఏమీ రాసి లేదు.

"పొద్దున మా ఇంటి కుళాయిలో పట్టాను. క్రిములు చావడానికి కలిపే క్లోరిన్ ఇందులో ఎంతుందో తేల్చు. అదే నీ ప్రశ్న."

"నీళ్లకి మున్సిపాలిటీవాళ్లు రిపోర్టు ఇస్తారు కదా సార్?"

"ఇచ్చారు. దశాంశం తర్వాత రెండంకెలు కూడా వేశారు. ఇంట్లో పసివాడికి మాత్రం పది రోజులుగా కడుపు నిలవడం లేదు." ఆయన గొంతు తగ్గించాడు. "ఆ రిపోర్టు రాసేవాడు నా దగ్గరే చదివాడమ్మా. ప్రాక్టికల్స్‌లో నూటికి నూరు."

చుక్కమ్మ బ్యూరెట్ కడిగింది. అటెండరు అడక్కుండానే కొత్త రసాయనం సీసా సీలు తీసి ఇచ్చాడు.

"జవాబు ఎంత రావాలి సార్?"

"తెలిస్తే నీ దగ్గరికెందుకొస్తాను!"

పిల్ల కన్ను గీతకి ఎదురుగా పెట్టింది. రెండు గంటలు పట్టింది. ఆయన గడియారం చూడలేదు. చివరికి ఆమె రాసిన అంకెకీ రిపోర్టులో అంకెకీ పొంతనే లేదు. ఆయన ఆ కాగితం మీద పాస్ అని రాసి, దానికి నకలు తీసుకుని, సీసా వదిలేసి ఇంటికి పరుగెత్తాడు.

కాబట్టి పాఠకులారా, నా మాట మీద నేను నిలబడే ఉన్నాను. కొలత దండగ! కొలవకుండా వచ్చిన జవాబే హాయి. కాకపోతే, ఆ నీళ్లు పక్కింటివాళ్లు తాగాలి.