సత్తమా, సమ్మతమా

ఆ ఉదయం గురుసామి పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. ఎనిమిదింటికి అరుప్పుకోట్టైలో వ్యాను ఎక్కాలి, పదిన్నరకల్లా కోవిల్‌పట్టి మండపంలో కూర్చోవాలి, పెద్దాయన అడిగే ప్రశ్న చెవులారా విని, నోరారా ఒక్క మాట చెప్పాలి. ఆ మాట "సమ్మతం". చిన్నకూతురు కార్తిక నిశ్చయతాంబూలం అది. తమిళనాట తరాలుగా స్థిరపడిన ఆ తెలుగువాళ్ళలో తాంబూలాలు మార్చుకునే ముందు అందరికన్నా పెద్దవాడు ఇద్దరు తండ్రులనూ "సమ్మతమా?" అని అడుగుతాడు. బజారులో తమిళం, బడిలో తమిళం, బ్యాంకులో తమిళం అయినా ఆ ప్రశ్నా ఆ జవాబూ మాత్రం ఇంటి తెలుగులోనే జరగాలి.

ఒక్క మాటేగా, అదేం ఘనకార్యం అనుకోకండి. పెద్దకూతురి నిశ్చయం నాటికి గురుసామికి రెండు చెవులూ పోయాయి. ముప్పై అయిదేళ్ళ పవర్‌లూమ్ మోత సగం తింటే, ఓ మాయదారి జ్వరం మిగతా సగం తినేసింది. ఆ రోజు తమ్ముడు తిరుమలసామి లేచి అన్న తరఫున "సమ్మతం" అన్నాడు. కన్నతండ్రి మాత్రం పట్టు కండువా వేసుకుని కొలువు బొమ్మలా కూర్చున్నాడు. ఆ బాధ ఆరేళ్ళయినా పోలేదు. పోయినేడు కుడిచెవికి కాక్లియర్ ఇంప్లాంట్ అనే వినికిడి మిషన్ పెట్టించుకోవడానికి డాక్టర్ చెప్పిన కారణాలు సవాలక్ష ఉండవచ్చు గానీ, గురుసామికి ఉన్న కారణం ఇదొక్కటే.

ఇంట్లో అంతా బాగానే వినబడుతోంది. చిక్కల్లా జనంలోనే. నలుగురు చేరితే నాలుగు గొంతులూ కలిసి ముద్దయిపోయేవి. అందుకని వారం ముందు విరుదునగర్ వెళ్ళి, మిషన్ సర్దే శివరంజనితో తన గోడు చెప్పుకున్నాడు. ఆ అమ్మాయి మూడు రకాలుగా అమర్చి ఇచ్చింది. ఒకటో నంబరు ఇంటికి. రెండోది మగ్గాల షెడ్డుకు. మూడోది కల్యాణమండపానికి: ఎదురుగా ఉన్నవాళ్ళ మాటే చెవిన పడుతుంది, పక్కలదీ వెనకదీ బాగా తగ్గిపోతుంది. "ముక్కు ఎటు తిరిగితే చెవి అటు. అంతే గుర్తుపెట్టుకోండి" అని తమిళంలో మూడుసార్లు చెప్పి, రిమోట్ చేతికిచ్చింది.

ఇక ఇంట్లో మొదలైంది శిక్షణ. చప్పుడుకు వాళ్ళింట్లో మాట సత్తం. తమిళంలోంచి ఎప్పుడో వచ్చి, మళ్ళీ పోలేదు. భార్య కమలం మిక్సీ వేసి ఎదురుగా వచ్చి నిలబడి "సత్తమా?" అంటుంది. గురుసామి రిమోట్ నొక్కి, చెవి సర్దుకుని, "సత్తం లేదు" అంటాడు. కుక్కర్ ఈల వేస్తే "సత్తమా?" షెడ్డులో ఎనిమిది మగ్గాలూ ఒక్కసారి వేసి "సత్తమా?" ఐదో రోజుకు, కాఫీ కావాలా అని అడిగినా "సత్తం లేదు" అనే జవాబు వచ్చేంతగా ఆరితేరిపోయాడు.

"నైనా, ఆడ అందరి ముందరా ఇట్ల ఏమైనా వాగేవు" అని కార్తిక వ్యానులోనే భయపడింది.

"నీకి ఎందుకు దిగులు? ఈ తూరి నా నోటితో నేనే చెప్తాను. నీ చిన్నాయన నోరు మూసుకొని ఉంటే చాలు" అన్నాడు గురుసామి. ముందు సీట్లోని తిరుమలసామి కిటికీ అద్దం దించుకుని బయటికి చూశాడు.

మండపం గుమ్మంలో కాబోయే వియ్యంకుడు పాండియరాజన్ ఎదురొచ్చాడు. కోవిల్‌పట్టిలో ఆయనది కడలమిఠాయి, అంటే మన పల్లీపట్టీ, తయారుచేసే వ్యాపారం. మనిషి కూడా తియ్యగానే మాట్లాడతాడు. ఆయన వెనకే ఎనభై నాలుగేళ్ళ చెల్లయ్య తాత. రెండు కుటుంబాలకూ ఆయనే పెద్ద, ప్రశ్న అడగవలసిందీ ఆయనే. బుగ్గ నిండా తమలపాకు బిగించుకుని, గురుసామి తలకు అతుక్కున్న మిషన్ బిళ్ళను వేలితో తట్టి చూశాడు.

"ఇది పెట్టుకుంటే మేళంలో కూడా మాట వినపడతాదా?"

"పడతాది తాతా. మీరు నా ఎదర కూర్చొని అడగండి, చాలు."

"సరి సరి" అన్నాడు తాత, ఎంతో మర్యాదగా.

పదకొండింటికి అందరూ కూర్చున్నారు. నాదస్వరం ఒక పక్క, జనరేటర్ ఒక పక్క, నూటయాభై మంది కబుర్లు నాలుగు పక్కలా. గురుసామి రిమోట్ తీసి మూడో నంబరు నొక్కాడు. ఆహా! ఎవరో తలుపు వేసినట్టు మోతంతా వెనక్కి పోయింది. చెల్లయ్య తాత కుర్చీ ఎదురుగా లాక్కుని, ముందుకు వంగి, ఆకు నములుతూనే ఏదో అడిగాడు.

గురుసామి ముఖం వెలిగిపోయింది. గొంతెత్తి అన్నాడు: "సత్తమే లేదు తాతా! రవ్వంత కూడా లేదు!"

మేళం హోరులో మండపానికి వినబడింది మాత్రం "సమ్మతమే లేదు, రవ్వంత కూడా లేదు" అని.

తాత తలూపి లేచాడు. కర్ర పట్టుకుని పెరటి వైపు నడిచాడు. పెద్దాయనకు ఎంత కోపం రాకపోతే అలా లేచి వెళ్ళిపోతాడు అని జనం నోళ్ళు నొక్కుకున్నారు. ఆ తర్వాత జరిగిన గొడవంతా గురుసామి పక్కలా వెనకా జరిగింది. అంటే, శివరంజని పుణ్యమా అని, ఆయన చెవిన ఏ ఒక్క ముక్కా పడలేదు. ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీని చూస్తూ, మిషన్ ఇంత బాగా పనిచేస్తున్నందుకు మురిసిపోతూ నవ్వుతున్నాడు.

"కూతురి సంబంధం కాలదన్ని ఎట్ల నగుతా ఉండాడో చూడండి!" అంది మగపెళ్ళివారిలో ఒకావిడ.

కమలం వెనకనుంచి "ఇదో, ఏమి మాట అంటిరి మీరు?" అని ఏడ్చింది. తిరుమలసామి పరువు కాపాడే పని తన నెత్తిన వేసుకున్నాడు. "మా అన్న ఊరికే అనడు. పిల్లోడి గురించి ఏమో తెలిసి ఉంటాది" అన్నాడు. ఆ "ఏమో" చాలు. ఆ మాట భోజనాల హాలుకు వెళ్ళేసరికి పెళ్ళికొడుకు గోకులకృష్ణన్‌కు సాత్తూరులో ఇంకో సంబంధం కుదిరింది. వంటింటికి చేరేసరికి వెంబకోట్టైలో పెళ్ళే అయిపోయింది. వ్యాన్లు నిలిపిన చోటికి వచ్చేసరికి ఇద్దరు పిల్లలు.

"నాకే తెలీదే!" అని గోకులకృష్ణన్ లబోదిబోమన్నాడు.

పాండియరాజన్ తీపి విరిగిపోయింది. "ఎత్తండి పళ్ళాలు! మాకి ఏమి పిల్ల దొరకదా?" అని అరిచాడు. వంటమాస్టర్ పాయసం పొయ్యి ఆర్పేశాడు. నాదస్వరం ఆగింది, జనరేటర్ కూడా ఆపేశారు.

అప్పుడు గురుసామికి అనుమానం వచ్చింది. మోత మరీ ఇంతగా పోయిందేమిటి, మిషన్ గానీ చెడిందా అని రిమోట్ తీసి ఒకటో నంబరు నొక్కాడు. ఒక్కసారిగా నూటయాభై మంది తిట్లు వచ్చి కుడిచెవిలో పడ్డాయి. అదిరిపడి వెనక్కి తిరిగితే, లోపలి గదిలోంచి పరుగున వచ్చిన కార్తిక కళ్ళ నీళ్ళతో ఎదురుగా ఉంది.

"సమ్మతం లేదని ఎందుకు చెప్తివి నైనా?"

"నేనా? అయ్యయ్యో! తాత సత్తమా అని అడిగినాడు. సత్తం లేదంటిని!"

మండపమంతా "అయ్యో పాపం" అనే నిట్టూర్పు. సమ్మతమా అంటే సత్తమా అని వినబడింది, పాపం చెవిటాయన, మిషన్ ఎంతైనా మిషనే కదా అని. తిట్లన్నీ జాలిగా మారిపోయాయి. గురుసామికి తిట్లే నయమనిపించింది. విన్నాననుకున్నాడు, స్పష్టంగా విన్నాననుకున్నాడు. మళ్ళీ బొమ్మేనా తను? చేతిలో రిమోట్ బరువెక్కింది.

"పోనీ అన్నా, ఈ తూరి కూడా నేనే చెప్పేస్తాను" అన్నాడు తిరుమలసామి కండువా సర్దుకుంటూ.

"చెప్పప్పా, నువ్వే చెప్పు" అన్నాడు గురుసామి.

సరిగ్గా అప్పుడే పెరటి తలుపు దగ్గర కర్ర చప్పుడైంది. చెల్లయ్య తాత కండువాతో మూతి తుడుచుకుంటూ తాపీగా వచ్చి, ఆగిపోయిన మేళాన్నీ, మూటలైన పళ్ళాలనూ వింతగా చూశాడు.

"ఏమప్పా, అంతలోనే అందరూ లేస్తిరి?"

"మీరు సమ్మతమా అని అడిగితే ఈయనకి సత్తమా అని వినపడిందంట తాతా" అన్నాడు పాండియరాజన్.

"సమ్మతమా అని ఎవడు అడిగినాడు?" తాత విసుక్కున్నాడు. "పాపం, కొత్త మిషన్ కాదా, మేళం సత్తమా అని అడిగితిని. లేదన్నాడు. సరి, నోట్లో ఆకు పెట్టుకొని పెద్ద మాట అడగకూడదు కాదా, పుక్కిలించి వద్దామని పెరట్లోకి పోతిని. ఆ కొళాయిలో నీళ్ళు బొట్టుబొట్టుగా వస్తా ఉండాయి, దానికి ఇంతసేపు. ఇంకా నేను అడగనే లేదే!"

నూటయాభై మంది దోషం లేని చెవులవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కార్తిక పకపకా నవ్వి తండ్రి చేయి పట్టుకుంది. తిరుమలసామి కండువా మళ్ళీ మామూలుగా వేసుకున్నాడు. వంటమాస్టర్ పొయ్యి వెలిగించాడు. వెంబకోట్టై పిల్లలిద్దరూ వచ్చిన దారినే పోయారు.

మేళం మళ్ళీ మొదలైంది. గురుసామి మూడో నంబరు నొక్కి, ముక్కు తాత వైపు తిప్పి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

"గురుసామీ, పిల్లని ఇచ్చేదానికి సమ్మతమా?"

ప్రతి అక్షరం వినబడింది. జవాబు చెప్పడానికి కొంచెం ఆలస్యమైంది గానీ, అది చెవి వల్ల కాదు, కళ్ళు నిండినందువల్ల.

"సమ్మతం తాతా. మనసారా సమ్మతం."

తాత పాండియరాజన్ వైపు తిరిగాడు. "నీకి సమ్మతమా?"

పాండియరాజన్ చెవి దగ్గర చేయి పెట్టుకుని ముందుకు వంగాడు. "ఆఁ? ఏమి అడిగినారు తాతా? ఈ సత్తంలో ఒక ముక్కా వినపడలే!"

తాంబూలాలు మార్చుకునేటప్పుడు ఆయన పళ్ళెంలోకి ఆకూ, వక్కా, కొబ్బరికాయతోపాటు విరుదునగర్ శివరంజని విజిటింగ్ కార్డు కూడా వెళ్ళింది.