వానకు సాగిన వంతెన

1987 జులై 14, మంగళవారం. పొద్దున్నుంచీ ముసురు, మధ్యాహ్నానికి ఈదురుగాలి. తేదీ ఇంత కచ్చితంగా గుర్తుండటానికి కారణం, ఆ రోజే నా గొడుగు పోయింది. గొడుగు సంగతి తర్వాత. ఒక పెద్ద అడవిలో, ఆ రోజే, వాగు మీద కొత్త వంతెనకు ప్రారంభోత్సవం జరిగింది.

వంతెన లేదు. శిలాఫలకం ఉంది. ఏనుగు అధ్యక్షులవారి పేరు రెండు ఒడ్లకూ కనబడాలని వాగు మధ్య దిబ్బ మీద, నల్లరాతితో, లోతైన పునాది తవ్వి నిలబెట్టారు.

ఇంజనీరు ఎలుగుబంటి కొలతల పుస్తకం తెరిచింది. "ఏమయ్యా నక్కా, వంతెన ఏదీ?"

"ముసురులో కనపడదు సార్," అంది కాంట్రాక్టరు నక్క, తేనెపట్టు ముందుకు జరుపుతూ.

ఎలుగు వేళ్లు నాక్కుంటూ తేరిపార చూసింది. "అవునవును, అదిగో! పొడవు అరవై గజాలు వేసుకోనా?"

"ఎనభై వేయండి సార్. వానకు కాస్త సాగుంటుంది."

వాగు వెడల్పు ముప్పై గజాలే. కాలేజీలో మాకు సర్వే నేర్పిన మాస్టారు వింటే... సరే, ఆయనా లేరు.

చిక్కల్లా ముసలి తాబేలుతో వచ్చింది. అది జంతువుల్ని వీపు మీద వాగు దాటించి పొట్ట పోసుకునేది. జనం ఇంకా దాని వీపెక్కుతుంటే వంతెన గుట్టు బయటపడదూ? అందుకని నక్క వెళ్లి అధ్యక్షులవారితో ఉత్తర్వు వేయించింది: వంతెన ఉన్నచోట ఎవరినీ వీపు మీద దాటించరాదు. దాటిస్తే చిప్ప జప్తు.

"మరి నేనేం తినాలి బాబూ?" అంది తాబేలు.

"వంతెన మీద గాలి తిను తాతా."

వారం గడిచింది. వాగు తగ్గిన పూట చూసి, రెండో బిల్లుకు ఫలకం ఫోటో తీద్దామని నక్క దిబ్బ మీదికి నడిచివెళ్లింది. అప్పుడే పైనుంచి వరద దిగింది. నక్క ఫలకం పైకెక్కి అరిచింది.

"తాతా! నన్ను ఒడ్డుకు చేర్చు!"

"ఎంత మాట! ఎనభై గజాల వంతెన ఉండగా నా వీపెందుకు బాబూ? చిప్ప పోతుంది."

"వంతెన లేదు తాతా!"

"ఆ ముక్క రాసి సంతకం పెట్టు. ఇప్పుడే ఎక్కించుకుంటాను."

నక్క ఆలోచనలో పడింది. రాసిస్తే రెండో బిల్లు పోతుంది. నీళ్లు మెడదాకా వచ్చాయి. నక్క ఇంకా ఆలోచిస్తూనే ఉంది.

వరద తీశాక చూస్తే ఫలకం చెక్కుచెదరలేదు. దాని మీద ఎవరూ లేరు.

రెండో బిల్లు నక్క పెద్దకొడుక్కి దక్కింది. చిన్నకొడుక్కి వంతెన మరమ్మతుల కాంట్రాక్టు. ఎలుగుకు నక్క చావు మీద విచారణ కమిటీ పెద్దరికం, కూడా రెండు తేనెపట్లు. ఉత్తర్వు ఇంకా అమల్లోనే ఉంది గనక తాబేలుకు ఏమీ రాలేదు. నా గొడుగూ దొరకలేదు.

నీతి: ఏ వరదకూ కొట్టుకుపోని వంతెన కావాలంటే, దాన్ని కట్టకుండా ఉండాలి.