రెండు తలుపుల బీరువా

మానవుడు చక్రాన్ని కనిపెట్టిన మర్నాడే మరో మానవుడు దానికి దరఖాస్తు ఫారం కనిపెట్టాడు. మొదటివాడి పేరు ఎవరికీ తెలియదు. రెండోవాడు నాలుగో కౌంటర్లో ఉంటాడు. (ప్రస్తుతం టీకి వెళ్ళాడు.) నాగరికత అంటే ఈ ఇద్దరి మధ్య ఉన్న వరుస. ఆ వరుసలో, చేతిలో కాగితాల కట్టతో, వెనకనుంచి మూడోవాడిగా నిలబడ్డ మనిషే మన అల్లుడు.

అల్లుడు కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఇల్లరికం వచ్చి ఇరవై నాలుగేళ్ళయింది. పిల్లనిచ్చేటప్పుడు మామగారు ఇల్లూ, పెరడూ, షెడ్డూ చూపించి "ఇవన్నీ నీవే నాయనా" అన్నారు గానీ, షెడ్డులో గోనెసంచుల కింద ఏముందో చెప్పలేదు. పైన అత్తగారి ఉల్లిపాయలు ఆరుతుండేవి. కింద కారుండేది.

అది రెండు తలుపుల స్పోర్ట్స్ కారు. నేలకి జానెడెత్తు, ముక్కు బారెడు. వెనక సీటు ఉందన్నమాటే గానీ, అందులో కూర్చోవాలంటే మోకాళ్ళు ఇంట్లో వదిలి రావాలి. ఇలాంటివాటిని కూపే అంటారు. పెళ్ళిచూపుల్లో "అబ్బాయికి సొంత కూపే ఉంది" అని చెబితే, రైలుపెట్టెలో ఓ గది వీళ్ళదే కాబోలనుకుని అత్తగారు తలూపేశారట. పెళ్ళయిన మూడో రోజున మామగారు ఆవిడని ఆ కారెక్కించుకుని, గుట్టమీది నీళ్ళట్యాంకు దాకా షికారు తీసుకెళ్ళారు. సరిగ్గా మూడో మలుపులో కారు ఓ దగ్గు దగ్గి ఆగిపోయింది. కొత్త పెళ్ళికూతురు చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటిదాకా నడిచొచ్చింది.

అది జరిగి యాభై ఒక్క ఏళ్ళు. ఆ నడక గురించి అత్తగారు చెప్పని రోజు లేదు, వినని చుట్టం లేడు.

"మీ మావయ్యగారు నడిపింది కారుని కాదు బాబూ, నన్ను!" అనేవారు అల్లుడితో, కనీసం వారానికి రెండుసార్లు.

మామగారు గోడకేసి చూసేవారు. పాపం, ఆయనకి మిగిలిన కోరిక ఒక్కటే. భార్యని అదే కారులో ఎక్కించి, అదే ట్యాంకు దాకా తీసుకెళ్ళి, ఎక్కడా కింద దించకుండా ఇంటికి తీసుకురావాలి. తర్వాత ఆ కారు ఏమైపోయినా ఫరవాలేదు, తనేమైపోయినా ఫరవాలేదు. ఓ సాయంత్రం ఆయన ఈ మాట చెప్పి కళ్ళజోడు తుడుచుకుంటుంటే అల్లుడి మనసు చివుక్కుమంది. ఆ ఆదివారమే ఉల్లిపాయలు పక్కకి జరిపాడు.

నాలుగేళ్ళ ఆదివారాలు పట్టాయి. సీటు కింద తవ్వితే ఎలుకలు దొరికాయి. (కొండని తవ్వి ఎలుకని పట్టినట్టు అని ఊరికే అనలేదు పెద్దలు. కాకపోతే ఇక్కడ ఎలుక ఒకటి కాదు, సంసారం.) అడుగురేకుని తుప్పు ఎంతగా తినేసిందంటే, కూర్చుంటే కాళ్ళు నేలకి తగిలేవి. ఆ రేకు కోసి కొత్తది అతికించాడు. బిగుసుకుపోయిన ఇంజనులో నూనె పోసి, నెలరోజులు ఆగి, రోజూ పానాతో వెంట్రుకవాసి చొప్పున తిప్పాడు. కుట్టుమిషను సూదితో కార్బురేటర్ల కన్నాలు శుభ్రం చేశాడు. ఇంజనుకి పెట్రోలూ గాలీ కలిపి అందించే ఆ కార్బురేటర్లు రెండు. రెండూ సమంగా ఊపిరి పీల్చాలి, లేకపోతే బండి కుంటుతుంది. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, రెండో కొస కార్బురేటరు మూతి దగ్గర పెట్టుకుని గంటలకొద్దీ వినేవాడు.

"ఆ డొక్కు ఊపిరి వినిపిస్తుంది గానీ, నేను పిలిస్తే వినిపించదు ఈయనకి" అనేది భార్య. గేరుబాక్సు విప్పి భోజనాల బల్లమీద పెట్టిన రోజున మాత్రం, "అది తీస్తేగానీ కంచం పెట్టను" అని ఖరాఖండిగా చెప్పేసింది.

సరిగ్గా అదే రోజున అల్లుడు చిటికెలో నమోదుకి కూర్చున్నాడు.

చిటికె అంటే, పౌరుడు ఆఫీసుకి రానక్కర్లేకుండా ఇంట్లోనే కూర్చుని అన్ని పనులూ చేసుకునేందుకు పెట్టిన యాప్. (దాని గురించి ఆఫీసుకి వచ్చేవాళ్ళ కోసం వేరే కౌంటరు పెట్టారు.) కాగితాలు చెల్లిపోయిన పాత బండి రోడ్డెక్కాలంటే అందులో మళ్ళీ నమోదవ్వాలి. తొందరకి కారణముంది. ఎనభై నిండినవాళ్ళకి డ్రైవింగ్ లైసెన్సు ఇక పొడిగించరు. మామగారికి ఎనభై నిండటానికి నెలన్నరే ఉంది.

చిటికె ప్రశ్నలు అడిగింది. తలుపులెన్ని? రెండు. దేనితో చేసినది? ఇనుము. ఎక్కడ ఉన్నది? ఇంట్లో. అద్దం ఉన్నదా? ఉంది. తాళం? ఉంది. ప్రస్తుతం కదులుతుందా?

ఇక్కడ అల్లుడు ఆగాడు. ఇంకొకడైతే కళ్ళుమూసుకుని అవునని నొక్కేవాడు. మనవాడు ఎలాంటివాడంటే, "మిషను పాడయింది" అని ఎవరైనా తెస్తే, "పాడవలేదమ్మా, దారం తప్పుగా ఎక్కించారు" అని చెప్పి ఉత్త చేతుల్తో పంపించే రకం. బల్లమీది గేరుబాక్సుకేసి చూశాడు. లేదు అని నొక్కాడు. లోపల ప్రస్తుతం ఏమున్నది? డిక్కీలో అత్తగారు దాచినవి గుర్తొచ్చాయి. దుప్పట్లు అని రాశాడు.

తెరమీద పూలు రాలాయి. "అభినందనలు! మీ బీరువా నమోదైనది."

నిజం నిష్ఠూరమంటారు. అది బీరువా కూడా అవుతుందని అల్లుడికి ఆ రోజే తెలిసింది.

నాలుగో కౌంటరు గుమాస్తా టీ తాగి వచ్చి, కాగితాలు చూసి, జాలిగా తల ఊపాడు.

"బీరువాలు పై అంతస్తండీ. మాది వాహనాలు."

"అది కారండీ! ఫోటో చూడండి, నాలుగు చక్రాలూ కనబడుతున్నాయి."

"నాకూ కనబడుతున్నాయి. కానీ సిస్టమ్ బీరువా అంటోంది. సిస్టమ్ కంటే నాకే ఎక్కువ తెలిస్తే నన్నిక్కడ కూర్చోనిస్తారా, మీరే చెప్పండి."

అల్లుడు పై అంతస్తుకి వెళ్ళాడు.

అక్కడ ద్వార నిర్ధారణాధికారి ఉన్నారు. సన్నగా, పద్ధతిగా, ఫైలు తాడుని పువ్వులా ముడేసే మనిషి. ఒక వస్తువుకి తలుపులెన్నో తేల్చి, దాన్నిబట్టి అది ఏమిటో చెప్పడం ఆయన ఉద్యోగం. అంతా విని ఆయన పద్నాలుగో నిబంధన తీశారు. ఒకసారి బీరువా అయినది బీరువా కాకుండా పోవాలంటే, ఊళ్ళో బీరువాలు చేసే పదకొండుమందీ "ఇది మేం చేసినది కాదు" అని విడివిడిగా రాసివ్వాలి.

"ఎవరూ చెయ్యకపోతే అది బీరువా ఎలా అవుతుంది చెప్పండి?" అన్నారు అధికారి. ఆ వాదనలో అల్లుడికి ఒక్క లోపమూ దొరకలేదు.

మూడు వారాలు తిరిగి పదిమంది చేత రాయించాడు. పదకొండో ఆయన అందరికంటే పెద్దవాడు, ఊరంతా బీరువాల తాత అంటారు. చూడందే సంతకం పెట్టనని స్వయంగా షెడ్డుకొచ్చాడు. కారు చుట్టూ తిరిగాడు, తలుపు తీశాడు, వేశాడు. ధబ్బుమంది. తాత కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఈ చప్పుడు నాదే నాయనా! నా చేతి తలుపు నాకు తెలీదూ?"

"తాతా, దీనికి స్టీరింగుంది."

"తర్వాత ఎవరో పెట్టించుకునుంటారు. నా రోజుల్లో అలాంటి సోకులు లేవు."

తాత పోతూ పోతూ, ఇంత బాగా చూసుకుంటున్నందుకు అందరినీ ఆశీర్వదించి వెళ్ళాడు.

తయారీదారు దొరికాడు కాబట్టి ఇక తనిఖీ తప్పదని, మర్నాడే అధికారి టేపు పట్టుకుని ఇంటికొచ్చారు. అద్దాలు మూడు ఉన్నాయి, ఒక్కటి చాలు. చాలా బాగుంది. ముందున్న చిన్న అరని సొరుగుగా రాసుకున్నారు. బట్టలు తగిలించే కడ్డీ లేదు, పెట్టించాలి. ఇంతలో మామగారికి ఎక్కడలేని కోపమూ వచ్చింది. గేరుబాక్సు అప్పటికి దాని చోట్లోకి చేరింది. ఆయన గబగబా కారులో కూర్చుని తాళంచెవి తిప్పారు.

యాభై ఏళ్ళ తర్వాత ఆ ఇంజను నోరు విప్పింది. రెండు కార్బురేటర్లూ ఒకే ఊపిరి. షెడ్డు రేకులు గలగలలాడాయి, అధికారి చేతిలో కాగితాలు వణికాయి. అల్లుడికి ఒళ్ళు పులకరించింది. పగవాడికైనా తెలుస్తుంది అది కారని!

అధికారి ప్రశాంతంగా విని, రాసుకున్నారు: "బీరువా చప్పుడు చేయును. పాత వస్తువునకు ఇది సహజము, అభ్యంతరము లేదు. నూనె వేయవలెను."

ఇక వారమే మిగిలింది. మామగారు తిండి మానేసి లైసెన్సు చేత్తో పట్టుకుని కూర్చునేవారు. అత్తగారు ఆయన్ని ఎత్తిపొడవడం కూడా మానేశారు. అల్లుడికి అన్నిటికంటే దానికే ఎక్కువ భయమేసింది. మళ్ళీ పై అంతస్తుకి పరిగెత్తాడు.

"సార్, పోనీ బీరువానే అనుకుందాం. బీరువాని రోడ్డుమీద తీసుకెళ్ళకూడదా?"

"ఎందుకు కూడదూ? గృహోపకరణాల తరలింపు అనుమతి ఉందిగా. ముందే అడగాల్సింది మీరు." (ఇల్లరికపు అల్లుడు కూడా ఒకరకంగా గృహోపకరణమే గనక ఈ విభాగం మీద అతనికి వెంటనే గురి కుదిరింది.) "చక్రాలున్న బీరువాని తోసుకెళ్ళొచ్చు. నలుగురు మనుషులు చేతులేసి తొయ్యాలి. లోపల సామాను ఉండొచ్చు. బరువెక్కువై బీరువా ఆగిపోతే మాత్రం సామాను కిందకి దించాలి. పర్యవేక్షణకి నేనొస్తాను. ఎక్కణ్ణించి ఎక్కడికి?"

"ఇంటినుంచి నీళ్ళట్యాంకుకి. మళ్ళీ ఇంటికి."

"కారణం?"

"అత్తయ్యగారికి చూపించాలండీ."

అధికారి "గాలిమార్పు" అని రాశారు. సామాను జాబితాలో "పాతవి, విలువైనవి, రెండు" అని రాశారు.

శనివారం ఉదయం ఊరేగింపు బయల్దేరింది. స్టీరింగు దగ్గర మామగారు, పక్కన అత్తగారు, వాళ్ళ నెత్తిమీద కొత్త కడ్డీ, దానికి రెండు హాంగర్లు. వెనక తోసేవాళ్ళు అల్లుడు, అతని భార్య, తన బీరువా బయటికెళ్తోందని తెలిసి పరిగెత్తుకొచ్చిన తాత. నాలుగోవాడు దొరక్క అధికారే చొక్కా చేతులు మడిచారు. మొదటి మలుపు బాగానే గడిచింది. రెండో మలుపులో తాత బూట్లు విప్పేశాడు. మూడో మలుపులో, సరిగ్గా అక్కడే, ఎవరి ఊపిరీ ఎవరికీ అందలేదు. కారు ఆగింది.

లోపల అత్తగారు వంగి చెప్పులు చేతిలోకి తీసుకున్నారు.

"దిగమంటారా?" అన్నారు, మెల్లగా. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. మామగారు స్టీరింగు వదల్లేదు.

అల్లుడు అధికారికేసి తిరిగాడు. నాలుగేళ్ళు! అధికారి చెమట తుడుచుకుంటూ అనుమతి పత్రంలో "సామాను దించాలి" అన్న వాక్యం వెతుకుతున్నారు.

"సార్, ఒక్క నిమిషం. బీరువా చప్పుడు చేస్తే అభ్యంతరం లేదని మీరే రాశారు కదూ?"

"రాశాను. సహజం."

"నలుగురూ చేతులేసి తొయ్యాలన్నారు. ఎంత గట్టిగా తొయ్యాలో రాశారా?"

అధికారి చూశారు. "లేదు."

"చేతికీ బీరువాకీ మధ్య దూరం ఎంతుండాలో?"

అధికారి కాగితం ఇటు తిప్పి అటు తిప్పి చూశారు. చెమట ఆరనిచ్చారు. "అదీ రాయలేదు" అన్నారు. ఆయన మొహంలో ఏమీ కనబడలేదు గానీ, ఫైలు తాడుని మాత్రం రెండు పువ్వులుగా ముడేశారు.

"మావయ్యగారూ!" అని అరిచాడు అల్లుడు. "చప్పుడు చెయ్యండి!"

మామగారు తాళంచెవి తిప్పారు. కారు గర్జించి, గుట్ట ఎక్కి, మలుపు తిరిగి మాయమైంది. వెనక రోడ్డుమీద నలుగురూ చేతులు ముందుకి చాచి అలాగే నిలబడ్డారు. దారేపోయేవాళ్ళు నవ్వారు. అయినా చేతులు దించలేదు, నిబంధన నిబంధనే. ముప్పావుగంట తర్వాత కారు దిగొచ్చి, ఆ చేతుల ముందు ఆగింది. అత్తగారి జుట్టంతా రేగిపోయింది. చెప్పులు ఇంకా ఒళ్ళోనే ఉన్నాయి. మామగారు ఇంటిదాకా ఈల వేస్తూనే ఉన్నారు.

మర్నాడు ఆయనకి ఎనభై నిండాయి, లైసెన్సు చెల్లిపోయింది. ఆ మర్నాడు ముద్ర వేసిన ధ్రువపత్రం వచ్చింది: "బీరువా తరలింపు సక్రమముగా జరిగినది. అందలి సామానును దారిలో ఎక్కడా కిందకు దించలేదు."

యాభై ఒక్క ఏళ్ళకి చేతికొచ్చిన సాక్ష్యం! మామగారు దాన్ని పటం కట్టించి హాల్లో వేలాడదీశారు. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని, రెండుసార్లు చదివారు.

"చూశావా బాబూ," అన్నారు అల్లుడితో. "పెళ్ళాంగా ఎక్కినప్పుడు నడిపించారు. సామానుగా ఎక్కితే కూర్చోబెట్టి తెచ్చారు."

అభ్యంతరాలుంటే ముప్ఫై రోజుల్లోగా తెలుపుకోవచ్చని ఆ పత్రం కిందే రాసి ఉంది. మామగారు ఇంతవరకూ తెలుపుకోలేదు.