వెంకటరమణప్ప తెచ్చిన బస్సు

సోమవారం పొద్దున్నే వెంకటరమణప్ప ఇస్త్రీ పంచె కట్టుకుని గేటు ముందు నిలబడ్డాడు. ఆ రోజు కార్యక్రమం చాలా సులువు. వీధిలోకి మొదటి బస్సు వస్తుంది. దానికి ఆయన కొబ్బరికాయ కొడతాడు. భార్య పిల్లమ్మ ముందు సీట్లో కూర్చుని వైట్‌ఫీల్డ్‌లోని కూతురింటికి వెళుతుంది. ఇన్నేళ్ళూ మెయిన్ రోడ్డు దాకా నడిచి, ఆటోవాళ్ళను బతిమాలుకున్న మనిషి ఆమె. ఇకమీదట ఆ అవస్థ ఉండదని ఆయన నలుగురి ముందూ మాట ఇచ్చేశాడు. బెంగళూరు మహదేవపురలోని ఆ లేఅవుటు సంఘానికి ఆయనే అధ్యక్షుడు మరి!

బస్సు ఆయన తెచ్చిందే. ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు, పైవాళ్ళ చేత తొందర పెట్టించాడు. ఆ తొందరకు ఇంజినీరు మునీంద్ర ఒక్క పూటలో సర్వే ముగించాడు, అదీ ఆయుధపూజ సెలవుల్లో. ఆ సెలవుల్లో బెంగళూరు సగం సొంతూళ్ళకు పోతుంది. వీధి మైదానంలా కనిపించింది. మునీంద్ర దాన్ని మెచ్చుకుంటే, వీధిని తానే కన్నంతగా వెంకటరమణప్ప పొంగిపోయాడు.

అరటి పిలకలు, బంతిపూల దండలతో బస్సు మలుపు తిరిగింది. పిల్లమ్మ టిఫిన్ క్యారియరుతో ఎక్కి ముందు సీట్లో కూర్చుంది. బస్సు కాస్త ముందుకొచ్చి ఆగిపోయింది. ఊళ్ళకు వెళ్ళిన కార్లన్నీ తిరిగొచ్చి, రెండు వైపులా ఇళ్ళ ముందు కునుకు తీస్తున్నాయి.

"అంత మంచి రోడ్డు ఎట్ల సన్నబడింది సార్?" ప్రారంభానికి వచ్చిన మునీంద్ర బిత్తరపోయాడు.

"రోడ్డుకేమప్పా, బంగారం! ఈ కార్లోళ్ళకే బుద్ధి లేదు. ఉండు, తీయిస్తా."

ఆయన ఇంటింటి బెల్లూ కొట్టాడు. ఒకాయన లుంగీతోనే వచ్చి కారు తీశాడు. తీసిన కారు ఎక్కడ పెట్టాలో తోచక, పక్క వీధిలోంచి చుట్టి వచ్చి బస్సు వెనకే పెట్టాడు. మిగతావాళ్ళూ అదే తెలివి చూపించారు. వాటి వెనక స్కూలు వ్యాను, దాని వెనక నీళ్ళ ట్యాంకరు చేరాయి. దండలు చూసి మెయిన్ రోడ్డు మీదివాళ్ళు దేవుడి ఊరేగింపనుకుని, దండం పెట్టుకోడానికి బళ్ళు ఆపారు. ఆగిన బళ్ళు చూసి పోలీసు ఎవరో మంత్రి వస్తున్నాడనుకుని రెండోవైపు కూడా మూయించాడు.

వెంకటరమణప్ప ఛాతీ ఇంకాస్త విరుచుకుంది. "చూసినావా? మన బస్సు కోసం మెయిన్ రోడ్డే నిలబడిపోయింది!"

"అది సరే, నేను పోయేది ఎప్పుడు?" అంది పిల్లమ్మ.

చివరకు ఒక్క కారు మిగిలింది. ఆయన గేటు పక్కనే, తళతళలాడే కొత్త ముసుగులో ఉంది. వెంకటరమణప్పకు ఒళ్ళు మండిపోయింది.

"యా దరిద్రుడిదప్పా ఇది? ఇంట్లో జాగా లేనోడు కారెందుకు కొనల్ల? లాగి పారేయించండి! ఫైన్ వేయండి!"

ఎవరూ కదలలేదు. లేఅవుటు మొత్తం నేల చూపులు చూస్తోంది.

కిటికీలోంచి పిల్లమ్మ తల బయటపెట్టింది. "మనదే. ముసుగు రాత్రే దర్శన్ కొనుక్కొచ్చినాడు. కారు షెడ్డు పోయిన వారమే టైలరుకు బాడిగకిచ్చింది మర్సిపోతివా?"

ఆయన ముసుగు కాస్త ఎత్తి చూసి, దించేశాడు. కొడుకుకు ఫోను చేశాడు.

"తాళం నా కాడే ఉండాది నాయనా," అన్నాడు దర్శన్. "తెచ్చేదానికి ఎట్లయితుంది? ఎవడో పనిలేనోడు మెయిన్ రోడ్డు జామ్ చేసినాడు. ఆటోలో ఇరుక్కున్నా."

పిల్లమ్మ బస్సు దిగింది. క్యారియరు పట్టుకుని మెయిన్ రోడ్డు వైపు నడవసాగింది. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు. అంతమందిలో తలెత్తలేక, పరుగున వెళ్ళి ఆమె చేతిలోని క్యారియరు అందుకున్నాడు.

"సార్, మళ్ళీ సర్వే చేసేస్తాము!" మునీంద్ర వెంటపడ్డాడు. "దీపావళి సెలవుల్లో పెట్టుకుంటే రోడ్డు ఖాళీగా ఉంటుంది, పని బేగ అయిపోతుంది."

వెంకటరమణప్ప ఆగాడు. పిల్లమ్మ వంక చూశాడు. తల మెల్లగా పైకి లేచింది, పాత దర్జా తిరిగొచ్చింది.

"వద్దప్పా. సోమవారం పొద్దున, కార్లన్నీ ఉన్నప్పుడే రా. నా కారు ఆడే ఉంటుంది. అందరికన్నా ముందు దాన్నే కొలుచుకో. అధ్యక్షుడి కారది!"

పిల్లమ్మ నవ్వాపుకోలేకపోయింది. సోమవారాలన్నీ తనకు ప్రారంభోత్సవాలే ఉన్నాయని మునీంద్ర విచారం వ్యక్తం చేశాడు.