పిలిచినవాడిదే బాధ్యత

మన ప్రోగ్రామరు గారు పుట్టిన దగ్గర్నుంచీ తాగిన గ్లాసు తీసిన పాపాన పోలేదని సవినయంగా తెలియజేస్తున్నాము. తాగిన చోటే పెడతారు. కాసేపటికి అది మాయమవుతుంది. చిన్నప్పుడు అమ్మ తీసేది, పెళ్ళయ్యాక భార్య తీస్తోంది. ఆయన మాత్రం మాయమవడం గ్లాసుల స్వభావమనుకున్నారు.

అదృష్టవంతుణ్ణి చెరిపేవాడు లేడంటారు, ఉద్యోగమూ అలాంటిదే దొరికింది. ఆయన ప్రోగ్రాములు రాసే భాష వర్చువల్ మెషీన్ అనే ఉత్తుత్తి యంత్రం మీద నడుస్తుంది. మెమరీ ఎంత కావాలంటే అంత వాడి పారేయొచ్చు, వెనకాలే మెషీన్ ఊడ్చుకుంటూ వస్తుంది.

చిక్కంతా ఫోటోలు కుదించే దగ్గర వచ్చింది. ఆ పనికి సీ అనే పాతకాలం కంప్యూటర్ భాషలో ఎవరో రాసిపెట్టిన ప్రోగ్రాముల లైబ్రరీ ఒకటుంది, మెరుపులా చేస్తుంది. మన భాషలోంచి దాన్ని పిలవమన్నారు మేనేజరు. పిలిచారు, పలికింది. అందరూ చప్పట్లు కొట్టారు. సాయంత్రానికి మెమరీ పీకలదాకా నిండి సర్వరు గుడ్లు తేలేసింది.

లైబ్రరీ నిబంధనలు తిరగేస్తే, "తీసుకున్న మెమరీని తిరిగి అప్పగించే బాధ్యత పిలిచినవాడిదే" అని ఉంది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివి, అచ్చుతప్పని తేల్చారు. ఊపిరాడనప్పుడల్లా సర్వరు తనంతట తానే చచ్చి పుట్టే ఏర్పాటు చేశారు, దానికి రీస్టార్ట్ అని పేరు.

"నిత్యనూతనత్వం! బాధ్యతంటే ఇదీ!" అని మేనేజరు సభాముఖంగా కొనియాడి పూలగుత్తి ఇచ్చారు.

ఆ వారమే భార్య ఆఫీసు పని మీద వేరే ఊరికి బయల్దేరింది. గుమ్మంలో ఆగి అడిగింది. "ఏమండీ, తాగిన గ్లాసు సింకులో పెట్టమని ఏ భాషలో చెప్తే మీకు ఎక్కుతుంది? నేనొచ్చేసరికి ఇల్లు ఇలాగే ఉంటే ఇక నేనుండను. నిజంగా చెప్తున్నా."

ఆయన హడలిపోయారు. ఆవిడంటే ప్రాణం మరి. అయినా గ్లాసులు ఎప్పటిలాగే మాయమవుతాయని ఓపిగ్గా ఎదురుచూశారు. గ్లాసులు అయిపోయాయి, కప్పులు అయిపోయాయి, చివరికి స్నానాలగదిలోని మగ్గుతో టీ తాగారు. బల్ల మీద చోటు లేక పూలగుత్తి పొయ్యి మీద పెట్టారు. ఆవిడ వచ్చే రోజు రానే వచ్చింది. అప్పుడు తట్టింది దివ్యమైన ఆలోచన: రీస్టార్ట్! పెట్టె సర్దుకుని అమ్మ ఇంటికి వెళ్ళిపోయారు.

ఆవిడ తలుపు తీసి చూసింది, మళ్ళీ వేసేసింది. తాళంచెవి పక్కింట్లో ఇచ్చి ఫోన్ చేసింది. "ఇల్లు మీరే ఏలుకోండి. నన్ను మాత్రం ఇంక పిలవకండి."

ఆయన నిజంగానే వెక్కివెక్కి ఏడ్చారు. కళ్ళు తుడుచుకున్న రుమాలు అక్కడే పడేశారు. అమ్మ వంగి తీసింది. "పోనీలేరా నాన్నా, ఈ కాలం పిల్లలకి ఓపికెక్కడిది!" అంది.

వ్యవస్థ ప్రస్తుతం నిలకడగా నడుస్తోంది. ఈ కథ చదువుతూ మీరు పక్కన పెట్టిన కప్పు చూసుకోండి, ఈపాటికి మాయమై ఉంటుంది.